తువ్వాల దులిపేటోడు

"అయిదు కొట్టేటాళ్ళకు తాళం నా చేతుల ఉండాలె ద్వాలక్కా. ఫ్యాను ఏసుకోన్రి, మైకు మాత్రం ముట్టకున్రి. ముట్టిన్రనుకో, నీ బిడ్డ స్పానిషు టేకులపల్లి దాక ఇనవడ్తది" అని నవ్వి, పంచాయతీ అటెండరు వీరన్న బండెక్కి వెళ్ళిపోయాడు. ఊళ్ళో నెట్టు తెగకుండా వచ్చే చోటు రైతు వేదిక ఒక్కటే. లోపల పెద్ద హాలు, గోడల మీద మిరప తెగుళ్ళ బొమ్మలు, ఒక పక్కకు పేర్చిన కుర్చీలు, నడిమధ్య ఒక టేబులు, దాని మీద లాప్‌టాప్, దాని ముందు జ్యోత్స్న. గడప ఇవతల అరుగు మీద ద్వాలి. తలుపు జానెడు తెరిచి ఉంది, పూర్తిగా మూస్తే లోపల పిల్ల ఉడికిపోతుందని. ఉద్యోగం కోసం స్పానిషులో మాట్లాడే పరీక్ష, నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ గదిలో రెండో మనిషి ఉండకూడదు, రెండో గొంతు వినపడకూడదు. మొదలుపెట్టే ముందు లాప్‌టాప్‌ను నాలుగు దిక్కులా తిప్పి గదంతా చూపించాలట. జ్యోత్స్న తిప్పి చూపిస్తున్నప్పుడు ద్వాలి గోడకు ఒదిగి, ఊపిరి బిగబట్టి, తన నీడ కూడా గడప దాటకుండా చూసుకుంది. ఎండ ఇంకా దిగలేదు. నాలుగయింది. ఆ పరీక్ష పెట్టే ఆమె దేశంలో ఇంకా పొద్దెక్కుతూనే ఉందట. ఇక్కడ వాలుతున్న పొద్దే అక్కడ ఎక్కుతోంది, పొద్దు మాత్రం ఒక్కటే. ఈ ముక్క జ్యోత్స్న చెప్పినప్పుడు ద్వాలి చేతిలోని చేట కింద పెట్టి కాసేపు ఆకాశంకేసి చూసింది. అయిదో తరగతిలో చదివే ఉంటుంది ఈ సంగతి. చదవడం వేరు, తన బిడ్డ ఆ పొద్దెక్కే ఊరితో మాట్లాడబోతుండగా తెలియడం వేరు.

కోళ్ళను తోలడం, మేకలను అదిలించడం, దారిన పోయేవాళ్ళు "ఏందక్కా ఈడ కూసున్నవ్?" అని కేకెయ్యకుండా దూరం నుంచే వేలు పెదవుల మీద పెట్టి చూపించడం, ఇవీ ద్వాలి పనులు. ఇంకో పని ఎవరూ చెప్పనిది, భద్రాద్రి రామయ్యకు మొక్కుకోవడం. ఇది రెండోసారి, ఇదే ఆఖరుసారి కూడా. పోయినసారి అన్నీ బాగానే చెప్పిందట జ్యోత్స్న, ఒక్కదగ్గర తప్ప. చిన్నప్పుడు నీ దగ్గరున్న ఒక మనిషి గురించి చెప్పు అని అడిగితే నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుందట. మా నాన్న రైతు. మిరప వేశాడు. నన్ను చదివించాడు. చనిపోయాడు. హైదరాబాదులో నేర్పించిన మేడం తరవాత ఫోనులో అన్నదట: అమ్మాయీ, నీ మాటల్లో తప్పు లేదు, కానీ నువ్వు అన్నిటినీ తెంపేస్తున్నావు, సాగేదాన్ని సాగనివ్వడం లేదు. ఆ మాట జ్యోత్స్న చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పింది. ఆ నాలుగు ముక్కలూ ద్వాలికి కొత్త కాదు. మూడేళ్ళ నుంచి ఆ పిల్ల తండ్రి గురించి ఇంట్లో మాట్లాడినా అంతకు మించి మాట్లాడింది లేదు.

పోయిన వారం కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నప్పుడు ద్వాలే అడిగింది, తెంపుడేంది, సాగుడేందని. చున్నీ ముక్కుకు కట్టుకుని జ్యోత్స్న వివరించింది. వాళ్ళ భాషలో అయిపోయినదాన్ని చెప్పడానికి రెండు దారులున్నాయట. తలుపు మూసిండు, పాము కరిచింది, బస్సు పోయింది, ఇట్లా ఒక్క దెబ్బతో అయిపోయేవాటికి ఒక దారి. రోజూ జరిగేవాటికి, ఎప్పుడు మొదలయిందో ఎప్పుడు ఆగిందో ఎవరూ గుర్తుపెట్టుకోనివాటికి, ఒక పని సాగుతుండగా ఇంకోటి వచ్చి పడితే ఆ సాగుతున్నదానికి ఇంకో దారి. "ఇబా అంటే పోయేటోడు. బెనియా అంటే వచ్చేటోడు. ఆ మాటకు గోడ ఉండది యాడీ. మొదలుండది, ఆఖరుండది. అంత పొడుగునా ఒకటే ఎండ." ద్వాలికి నవ్వొచ్చింది. "గింతదానికి హైదరాబాదు పోవాల్నా? మన పక్కింటి సోమ్లి అవ్వ నోరు తెరిస్తె గదే గద." సోమ్లి అవ్వ నోరు తెరిచేది పోయినవాళ్ళ మీద ఏడ్చేటప్పుడేనని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ మళ్ళీ తొడిమల మీద పడ్డారు, చిట్‌చిట్.

గోడ లేని మాట. ద్వాలి ఆ మాటను వారం రోజులుగా కొంగున కట్టుకుని తిరుగుతోంది. పొయ్యి దగ్గర అదే, బోరు దగ్గర అదే. మొగుడు బిచ్యా బతికున్నన్ని రోజులూ మిర్చి అమ్ముడయినాక ఏటా ఒకసారి భద్రాచలం తీసుకుపోయేటోడు. గోదాట్లో మునిగి, తడి బట్టలు మెట్ల మీదనే పిండుకుని, నిత్యకల్యాణం దగ్గర కూర్చునేవాళ్ళు. ఒకసారి ద్వాలి ఉండబట్టలేక పక్కనున్న పెద్దాయన్ను అడిగింది: "అయ్యా, సీతమ్మకు పెండ్లి ఒక్కసారే అయింది గద, దినాం చేస్తరెందుకు?" ఆయన తలతిప్పి చూసి, "అయింది అనుకుంటున్నావా తల్లీ? అవుతోంది" అని మళ్ళీ మంగళసూత్రం వైపు తిరిగాడు. అప్పుడు అర్థం కాలేదు. సరిగ్గా అర్థం కాలేదని చెప్పడానికి బిచ్యా వైపు చూస్తే అతను అప్పటికే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు, ఈ అరుగు మీద, కాళ్ళకింద సిమెంటు కాలుతుండగా, ఆ పెద్దాయన మాటా, సముద్రాల అవతలి వాళ్ళ మాటా ఒకే కొమ్మన కూర్చున్న పిట్టల్లా అనిపిస్తున్నాయి ద్వాలికి. అయిపోయింది అనేది మనిషి కొలతేనా? దేవుడి దగ్గర అన్నీ అవుతూనే ఉంటాయా? అట్లయితే బిచ్యా ఇప్పుడు ఎక్కడో కల్లం తిరగేస్తూనే ఉన్నాడా? తప్పు అడిగానా స్వామీ అని చెంపలు వేసుకుంది, చప్పుడు కాకుండా.

లోపల పరీక్ష పెట్టే ఆ ముసలామె గొంతు వచ్చింది. తెల్లటి పొట్టి జుట్టు, మెడలో కళ్ళద్దాల గొలుసు. జానెడు సందులోంచి ద్వాలికి లాప్‌టాప్ పక్కనుంచి ఓ ముక్క కనిపిస్తోంది, జ్యోత్స్న వీపు, కుడిచెయ్యి కనిపిస్తున్నాయి. జ్యోత్స్న జవాబిస్తోంది. గొంతు తన బిడ్డదే, ఆ గొంతులో పారుతున్నది మాత్రం ఎన్నడూ ఎరగని వాగు. గులకరాళ్ళు దొర్లినట్టు, గబగబా, ఎక్కడా తడబడకుండా. తను కన్న నోరు. ఆ నోట్లో మొదటి ముద్ద పెట్టింది తను, మొదటి తిట్టు నేర్పిందీ బహుశా తనే. ఎక్కడినుంచి వచ్చింది ఇదంతా? తండాలో పుట్టిన పిల్లకు అమ్మను యాడీ అని పిలిచే తండా మాట, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, ఇప్పుడు ఇది. ఒక ఒంట్లో ఇన్ని మాటలు ఎట్లా పడతాయి, ఒకదాన్ని ఒకటి తొక్కుకోకుండా? ఒక కోడి మెట్లెక్కుతుంటే ద్వాలి కొంగుతో విసిరింది. కోడి రెక్కలు కొట్టబోయి, ఏమనుకుందో, మానుకుని దిగిపోయింది. కోడికి కూడా అర్థమయింది అనుకుని మురిసిపోయింది ద్వాలి.

అప్పుడు ఆ ముసలామె ఏదో అడిగింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. జ్యోత్స్న భుజాలు బిగుసుకోవడం ద్వాలి చూసింది. ఆ భుజాలను మూడేళ్ళ కింద ఒకసారి అట్లాగే చూసింది. అదే ప్రశ్న వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు పొద్దున కల్లంలోకి పోయిన బిచ్యా కల్లంలోనే ఒరిగిపోయాడు. కాయలు తిరగేస్తూ తిరగేస్తూ ఎర్రటి ఆ పరుపు మీదనే. గుండె అన్నారు. జ్యోత్స్నకు ఫోను చేశారు, హైదరాబాదు నుంచి బస్సు, బస్సు దిగి ఆటో. వచ్చేసరికి సాయంత్రమయింది, అంతా అయిపోయింది, బూడిద ఇంకా వేడిగా ఉంది. తండాలో చావుకు బిడ్డ వస్తే ఎట్లా వస్తుందో అందరికీ తెలుసు. పొలిమేరలోనే రాగం ఎత్తుకుంటుంది, ఆ రాగం విని ఆడవాళ్ళు ఎదురు పోతారు, ఒకామె మెడ ఇస్తుంది. మెడ ఇవ్వడం అంటే ఊరికే పట్టుకోవడం కాదు. ఏడ్చే మనిషి తల నీ భుజం మీద ఉండాలి, నీ తల ఆమె భుజం మీద ఉండాలి, ఆమె ఒక మాట ఎత్తితే నువ్వు ఆ మాటను మోయాలి. పొద్దుగాల లేచేటోడివి, ఎడ్ల గంగడోలు నిమిరేటోడివి, అంబలి తాగి అడివి దిక్కు చూసేటోడివి. అట్లా సాగుతుంది, గంట, రెండు గంటలు. ఆ ఏడుపులో ఎవరూ పోయిండు అనరు. ఎంత విచిత్రం, ఇన్నేళ్ళు ఏడ్చి కూడా ద్వాలి అది గమనించలేదు. అందరూ వచ్చేటోడు, పోయేటోడు, తెచ్చేటోడు అనే ఏడుస్తారు. ఏడ్చే మనిషిని మెడ లేకుండా వదిలేయడం కంటే పాపం లేదని సోమ్లి అవ్వ అంటుంది. ఎండలో దూడను కట్టేసి మరిచిపోయినట్టు అంటుంది. ఆ రోజు సోమ్లి అవ్వే ముందు నిలబడింది, బిచ్యాకు పెద్దమ్మ గనక, కళ్ళు మసకబారినా చేతులు చాపి. జ్యోత్స్న ఆటో దిగింది. సంచి దింపుకుంది. చేతులు చాపిన అవ్వను చూసింది, తల్లిని చూసింది. "ఎన్ని గంటలకు పోయిండు?" అని అడిగింది. "ఆరున్నరకు" అన్నది ద్వాలి. అంతే. చాపిన చేతులు అట్లాగే కాసేపు గాలిలో ఉండి, దిగాయి. "సదువు కన్నీళ్ళు తాగింది" అన్నది అవ్వ, అందరికీ వినపడేట్టుగానే. అప్పట్నుంచి పిల్ల ఆమె ముందు కూర్చోదు, ఆమె పిల్లను పిలవదు. పక్క పక్క ఇళ్ళే. ద్వాలి ఎవరినీ తప్పు పట్టలేదు. బిడ్డకు కన్నీళ్ళు లేవని ఒక్కనాడూ అనుకోలేదు. ఎక్కడో ఇరుక్కున్నాయి అనుకుంది. ఎక్కడ ఇరుక్కున్నాయో చూపించు స్వామీ అని ఎన్ని శనివారాలు అడిగిందో.

ఫ్యాను తిరుగుతోంది. ముసలామె మళ్ళీ ఏదో అన్నది, మెత్తగా. ఇప్పుడు ఆ నాలుగు ముక్కలు చెప్పేస్తుంది, రైతు, వేశాడు, చదివించాడు, చనిపోయాడు. తల్లీ, చెప్పకు, అవి కాదు, వేరేవి చెప్పు అని ద్వాలి లోపల్లోపలే అరుస్తోంది.

"బిచ్యా" అన్నది జ్యోత్స్న.

పేరు మాత్రం ఏ భాషలోనూ మారదు. మొగుడి పేరు బిడ్డ నోట ద్వాలి ఎప్పుడు విన్నది? ఆ పేరు వెంట ఇంకో మాట, ఇంకో మాట, మెల్లగా, చీకట్లో గోడ తడుముకుంటూ పోయినట్టు. ఆ మాటల చివరలు ఒకలాగే వినిపిస్తున్నాయి, కల్లంలో కాళ్ళు ఒకే లెక్కన పడినట్టు. బెనియా అన్న మాట వినపడింది. వచ్చేటోడు. అదొక్కటే తనకు తెలిసిన మాట, అది దొరకగానే ద్వాలి జనంలో తప్పిపోయినవాళ్ళు సొంతమనిషిని పట్టుకున్నట్టు పట్టుకుంది. వచ్చేటోడు. ఎక్కడికి? ఇంటికి. అంతలో జ్యోత్స్న కుడిచెయ్యి లేచింది. మోచెయ్యి మడిచి, ఆ మోచేత్తో గాలిలో మెత్తగా రెండుసార్లు తట్టింది. అమ్మా! మోచెయ్యి. మిరప కోతల రోజుల్లో బిచ్యా అరచేతులు నిప్పుల్లా ఉండేవి, ఎంత కడిగినా ఘాటు పోయేది కాదు, ఒకసారి తెలియక పిల్ల బుగ్గ నిమిరితే రాత్రంతా ఏడ్చింది. అప్పట్నుంచి మోచేత్తో నిమిరేటోడు. నెత్తి మీద మోచెయ్యి పెట్టి, "ఏం సదివినవే ఇయ్యాల" అనేటోడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు, దీవించేదానికి గూడ మోచెయ్యేనా అని. ఆ మోచెయ్యి ఇప్పుడు ఆ తెల్లజుట్టు ముసలామె ముందు గాలిలో ఉంది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. ఎక్కడి టేకులపల్లి, ఎక్కడి ఆ దేశం, ఎక్కడి బిచ్యా మోచెయ్యి! దాన్ని సముద్రాలు దాటించింది ఏ పడవ? ద్వాలి రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియకుండానే.

తరవాత జ్యోత్స్న రెండు పిడికిళ్ళూ ఎత్తి, ముఖం ఒక పక్కకు తిప్పి, దేన్నో గట్టిగా విదిలించింది. తువ్వాల. ఎర్రగళ్ళ తువ్వాల. కల్లం నుంచి వచ్చి గడప ఎక్కకముందే బయట నిలబడి, ఇంటికి వీపు పెట్టి, ముఖం తిప్పుకుని తువ్వాల దులిపేటోడు, మిరప దుమ్ము లోపలికి రాకుండా, చదువుకుంటున్న పిల్ల కళ్ళల్లో పడకుండా. ఫట్, ఫట్, ఫట్. తరవాత ఒక తుమ్ము. ఆ చప్పుడు వింటే తండా అంతటికీ తెలిసేది, పొద్దుగూకింది, బిచ్యా వచ్చాడు అని. పక్కింట్లోంచి సోమ్లి అవ్వ కేకేసేది, "వచ్చినవా కొడుకా?" అని. జ్యోత్స్న మాటలు ఇప్పుడు వడిగా సాగుతున్నాయి. ఒక దాని తోక పట్టుకుని ఇంకోటి వస్తోంది. టీవీఎస్ అన్న మాట, బొమ్మనపల్లి అన్న మాట. హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు చేతులు. ఉన్నట్టుండి హ్యాండిల్ వదిలి, ఎడమ పక్కకు తిరిగి, చేతులు జోడించి మొక్కి, ఆ వెంటనే నవ్వింది. ఆ ముసలామె కూడా నవ్వింది, గొంతు పెద్దగా చేసుకుని. ద్వాలికి అర్థం కాలేదు. ఆ మొక్కు తెలుసు. బొమ్మనపల్లి దారిలో కల్వర్టు దగ్గర, తుప్పు పట్టి అక్షరాలు రాలిపోయిన పసుప్పచ్చ రేకు ఒకటి ఉంది, అక్కడ బిచ్యా తప్పకుండా బండి ఆపి మొక్కేటోడు. ఏ దేవుడని అడిగితే "మంచి దేవుడే, మొక్కు" అనేటోడు. ద్వాలి కూడా మొక్కేది. ఇప్పటికీ మొక్కుతుంది, బస్సులో పోయినా సరే. అందులో నవ్వడానికి ఏముంది?

నవ్వు ఆగిన చోటనే గొంతు తెగింది. ఒక మాట సగంలో ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ ఆగింది. జ్యోత్స్న తల వంగింది. ఒళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. మాట ఆగలేదు, అదే వింత, ఏడుస్తూనే చెబుతోంది, చెబుతూనే ఏడుస్తోంది. మాటల చివరలు సాగుతున్నాయి, ఒకే లెక్కన, ఎత్తుతూ దింపుతూ. ద్వాలి వీపు గోడ మీదనుంచి లేచింది. ఇది తనకు తెలుసు. భాష తెలియదు గాని ఇది తెలుసు. పొలిమేరలో మూడేళ్ళ కింద ఎత్తుకోవాల్సిన రాగం ఇది, దారి తప్పి, ఎక్కడెక్కడో తిరిగి, పరాయి మాట చొక్కా తొడుక్కుని ఇప్పుడు వచ్చింది. వచ్చింది స్వామీ, వచ్చింది. వచ్చిన చోట మెడ లేదు. ఎదురుగా లాప్‌టాప్ అద్దం, అద్దంలో సముద్రాల అవతలి మనిషి, ఆమెకు మెడ ఇవ్వడం కుదరదు. గదిలో రెండో మనిషి ఉండకూడదు. రెండో గొంతు వినపడకూడదు. ఆఖరుసారి. ఈ ఉద్యోగం కోసం పిల్ల ఎన్ని తెల్లవారుజాములు లేచి చదివింది! తను లోపలికి పోతే అంతా పోవచ్చు. పోకపోతే ఎండలో దూడ. రామయ్యా, నువ్వు పెట్టిన నియమం ఏదో, మనుషులు పెట్టిన నియమం ఏదో నాకు చెప్పు, జల్దీ చెప్పు. గట్టిగా అడిగినప్పుడు దేవుడు ఎందుకు పలకడు? పలకడు గనకనే కాళ్ళు ఇచ్చాడేమో.

ద్వాలి లేచి నడిచి పోలేదు. చెప్పులు విప్పింది. కాలి గొలుసులు మోగకుండా ఒక్కోటీ పైకి నెట్టి పిక్కకు బిగించింది. తలుపు సందులోంచి మోకాళ్ళ మీద లోపలికి దూరింది. నలభై రెండేళ్ళ మనిషి, మోకీళ్ళు కటకట అంటుంటే, గోడ వారగా, పేర్చిన కుర్చీల వెనకగా, నున్నటి బండల మీద అరచేతులు ఆనించి, గుడిలో పొర్లుదండాలు పెట్టేవాళ్ళలాగ నేలకు దగ్గరగా, ఆ అద్దం కంటికి కనపడనంత కిందుగా పాకింది. టేబులు కింద చల్లగా ఉంది. జ్యోత్స్న పాదాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని వణుకుతున్నాయి. మెడ అందదు. అందినా ఇవ్వకూడదు. ద్వాలి ఆ కుడిపాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, మడమను తన మెడ వంపులో పెట్టుకుంది.

పాదం ఒక్కసారి ఉలిక్కిపడింది. తరవాత మెత్తబడింది. పైన ఊగుడు ఆగింది, గొంతు కూడా ఆగి, లోతుగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ సాగింది. ఈసారి తెగలేదు. ఒక మాట వెంట ఒక మాట, ప్రతి మాటా పాదంలోంచి దిగి ద్వాలి మెడలోకి వస్తోంది, అర్థం లేకుండా, అర్థం అక్కర్లేకుండా. రెండో గొంతు వినపడకూడదు గనక ద్వాలి నోరు తెరవలేదు. లోపల మాత్రం మోసింది. పిల్ల ఒకటి అంటే తను ఒకటి. కల్లానికి పోయేటోడు. ఇప్పపూల కాలంలో కొంగులు నింపుకుని మనం ముందు నడుస్తుంటే వెనక పాట పాడుకుంటూ వచ్చేటోడు. పాట రాకపోయినా పాడేటోడు. చద్దన్నంలో ఉల్లిగడ్డ నాకు పెట్టి తను ఉప్పు నంజుకునేటోడు. వానొస్తే నన్ను కాదు, ముందు కల్లాన్ని కప్పేటోడు, తరవాత సిగ్గుపడేటోడు. ఎంతసేపయిందో. గోడ లేని ఆ చోట అంత పొడుగునా ఒకటే ఎండ ఉంది, ఎర్రటి కాయలున్నాయి, ఒక మనిషి ఇంటికేసి నడిచి వస్తున్నాడు, వస్తూనే ఉన్నాడు.

ముసలామె ఏదో అడిగింది. జ్యోత్స్న ఒక్క క్షణం ఆగి, నింపాదిగా ఒక వాక్యం చెప్పింది. తరవాత కలం కాగితం మీద గీసిన చప్పుడు, అది కూడా సముద్రాల అవతలి నుంచే. ఇంకో రెండు మూడు మాటలు, ఒక టింగు శబ్దం, అయిపోయింది.

"ఇగ లెవ్వు యాడీ, తల తాకుతది చూస్కో."

ద్వాలి టేబులు కిందనుంచి బయటికొచ్చి కొంగు సర్దుకుంది. దొంగతనం చేసి దొరికినట్టు బిడ్డ ముఖం చూడలేకపోయింది. జ్యోత్స్న కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఆమె నన్ను చూసిందా?" అన్నది ద్వాలి.

"చూడలే. నేను ఊగుడు ఆపి కిందికి చూసిన గద, ఎవరన్న ఉన్నరా అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"మా అమ్మ నా కాలు పట్టుకోని ఉన్నదని చెప్పిన. అబద్ధం చెప్పబుద్ధి కాలే."

"అయ్యో! ఇగ పోయింది గద, నా వల్లనే పోయింది!"

"తెల్వది. ఏందో రాసుకున్నది. ఇరవై దినాలకు చెప్తరంట." జ్యోత్స్న లాప్‌టాప్ మూసింది. "పోతె పోనియ్యే. తెంపలే ఇయ్యాల. ఒక్కటి గూడ తెంపలే."

తాళం వేసి, వీరన్నకు తాళంచెవి ఇచ్చి ఇంటికి నడుస్తుంటే ద్వాలి ఉండబట్టలేక అడిగింది, కల్వర్టు దగ్గర మొక్కు చెప్పి ఎందుకు నవ్వినవని. జ్యోత్స్న దారి మధ్యలో ఆగిపోయింది. తను మూడో తరగతిలో ఉన్నప్పుడు బాపు బండి మీద ముందు కూర్చోబెట్టుకుని దారి పొడుగునా బోర్డులు చదివించేటోడు. ఆయనకు చదువు రాదు. ఆ పసుప్పచ్చ బోర్డు మీద అప్పటికే సగం రాలిన పెద్ద పెద్ద అక్షరాలు, గబుక్కున చదవడం రాలేదు. రాదంటే బాపు ముఖం చిన్నబోతుందని నోటికొచ్చింది చదివేసింది: ఇక్కడ ఆగి మొక్కినవారిని దేవుడు చల్లగా చూచును. బాపు వెంటనే బ్రేకు వేశాడు. ఆ రోజు నుంచి రోజూ ఆగేటోడు.

"మరి ఏం రాసున్నదే దాని మీద?"

"ముందు మలుపు ఉన్నది, నెమ్మదిగా పొండ్రి అని."

పదిహేనేళ్ళ మొక్కులు. ద్వాలి తన మోకాలు నొప్పి అక్కడే చెప్పుకుంది. జ్యోత్స్నకు సీటు రావాలని అక్కడే కొబ్బరికాయ కొట్టింది. "ఆయనకు తెల్వకుండనే పాయె పాపం."

"తెలుసు. ఎనిమిదో తరగతిల నేనే ఏడ్సుకుంట చెప్పేసిన. నవ్విండు. తెల్లారి మల్ల ఆపిండు. ఎందుకు బాపూ అంటె, గిన్నేండ్లు మొక్కినంక ఊకెనే పోబుద్ధి గాదు బిడ్డా, ఆ దేవుడు గిట్ట ఇయ్యాల్నే వచ్చి కూసున్నడేమో అన్నడు."

ఆయన ఇవాళే వచ్చి కూర్చున్నాడేమో. ద్వాలి ఆ మాట పట్టుకుని మిగిలిన దారి నడిచింది. రేకు మీద దేవుడి పేరు లేకపోతే దేవుడు లేనట్టేనా? చదువు రాని మనిషి, అబద్ధం చదివిన పిల్ల, తుప్పు పట్టిన రేకు, ఈ ముగ్గురి మధ్యకు ఎవరు వచ్చి కూర్చున్నారు ఇన్నేళ్ళూ? అడగాలనుంది, అడగడానికి కూడా భయంగా ఉంది. అంత పెద్దదిగా ఉంది అది.

ఇల్లు చేరేసరికి పొద్దు అడివి మీదికి వాలింది. లోపల గోడకు కొట్టిన మేకుకు ఎర్రగళ్ళ తువ్వాల వేలాడుతోంది. ఆ రోజు కల్లంలోంచి తెచ్చి వేలాడదీసింది ద్వాలే. మూడేళ్ళుగా ఉతకలేదు, దులపలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. పండక్కి సున్నం వేసినా ఆ మేకు చుట్టూ వదిలేసి వేసింది. జ్యోత్స్న దాని ముందు నిలబడింది. చెయ్యి చాపింది. ఆగు అనబోయి ద్వాలి నాలుక కరుచుకుంది. దులిపితే అయిపోతుందని కదా దాచింది. ఒక్క దెబ్బతో. కానీ ఆయన దాన్ని ఒక్కనాడూ దాచలేదే. ఆయన దులిపేటోడు.

జ్యోత్స్న తువ్వాల తీసుకుని బయటికి పోయింది. ఇంటికి వీపు పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, రెండు కొసలూ పట్టుకుని విదిలించింది. ఫట్, ఫట్, ఫట్. వాలుతున్న ఎండలో సన్నటి ఎర్రదుమ్ము లేచి కాసేపు గాలిలో నిలబడింది. మూడేళ్ళయింది, ఘాటు చచ్చిపోలేదు. జ్యోత్స్న తుమ్మింది. గడపలో ద్వాలి తుమ్మింది. ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు, ముక్కుల వెంట నీళ్ళు, ఒకరినొకరు చూసుకుని నవ్వబోయి మళ్ళీ తుమ్మారు.

"వచ్చినవా కొడుకా?"

పక్కింటి మంచం మీదనుంచి సోమ్లి అవ్వ గొంతు. కేకేశాక, వాడు లేడని ఆమెకే గుర్తొచ్చినట్టుంది. గొంతు మార్చుకుని, గదిమినట్టు, "ఎవరే అది, వానిలెక్క దులుపుతున్నది?"

"నేనే అవ్వా" అన్నది జ్యోత్స్న.

అవ్వ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. మసక కళ్ళు ఎటో చూస్తున్నాయి, చేతులు మాత్రం సరిగ్గా ఇటే చాపింది. "అయితె ఇటు రా మరి. మూడేండ్ల సంది పట్టుకోని కూసున్న, మెడ గుంజుతున్నది."

తువ్వాల భుజాన వేసుకుని జ్యోత్స్న పోయింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముడతల భుజం మీద తల పెట్టింది. ద్వాలి గడపలోంచి కదల్లేదు. చేతులు జోడించి నిలబడింది, కల్వర్టు దగ్గర నిలబడినట్టే. రాగం ముందు సన్నగా, తడబడుతూ, తర్వాత తండా అంతా వినపడేట్టుగా లేచింది. మోచేత్తో నిమిరేటోడివి బాపూ అన్నది జ్యోత్స్న. నిమిరేటోడివి కొడుకా అని మోసింది అవ్వ.